సికిల్ సెల్ ఉన్న బిడ్డల ఎదుగుదల – కరోనా నేర్పిన పాఠం



సువార్త రాసిన లూకా వైద్యుడు. బాలుడైన యేసు ఎదుగుదల గురించి కూడా ఆయన మరచిపోకుండా రాశాడు. బిడ్డ ఎదుగుతున్నాడా లేదా అన్నది వైద్యం చేసేవారు మొదట చూడవలసిన సంగతి. 2020లో కరోనా భయంలో పడి మేము ఆ సంగతినే వదిలేశాం. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

కురుపాం పైన ఒక కొండ గ్రామం నుంచి తొమ్మిదేళ్ల బాబు మా దగ్గరకు వస్తుండేవాడు. అతనికి సికిల్ సెల్ జబ్బు ఉంది. 2020 ఫిబ్రవరిలో బరువు 21 కిలోలు. మార్చి 24 రాత్రి లాక్‌డౌన్ ప్రకటించారు. ఆటోలు, బస్సులు ఆగిపోయాయి. తర్వాత వాళ్ల నాన్న అప్పుడప్పుడు నడిచి వచ్చి గేటు దగ్గరే మాత్రలు తీసుకొని వెళ్లేవాడు. బిడ్డను తీసుకురావద్దని, గుంపులో ఉంచవద్దని మేమే చెప్పాం. అక్టోబరులో తల్లి బాబును ఎత్తుకొని వచ్చింది. తూచితే 19 కిలోలు. కార్డులో ఏడు నెలల గడులు ఖాళీగా ఉన్నాయి.

"సిస్టరమ్మా, మందులైపోతే మళ్లీ దొరకవేమోనని రోజు విడిచి రోజు ఏసేను" అంది ఆ తల్లి. తప్పు ఆమెది కాదు. మాత్రలు ఇచ్చాం గాని, ఎలా వేస్తున్నారని ఒక్కసారైనా అడగలేదు. అడిగి ఉంటే మొదటి నెలలోనే తెలిసేది.

జబ్బు సంగతి కొంచెం తెలుసుకుందాం. మన రక్తంలోని ఎర్రకణాలు గుండ్రంగా ఉంటాయి. ఈ జబ్బులో అవి కొడవలిలా వంగి, సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. అందుకే ఎముకల్లో, కడుపులో భరించలేని నొప్పులు. మామూలు ఎర్రకణం సుమారు 120 రోజులు బ్రతుకుతుంది, కొడవలి కణం 10 నుంచి 20 రోజులే. పోయిన రక్తాన్ని మళ్లీ తయారు చేసుకోవడానికి బిడ్డ తిన్న తిండిలో కొంత భాగం అదనంగా ఖర్చయిపోతుంది. బరువు, ఎత్తు వెనుకబడతాయి. ఈడు రావడం కూడా ఆలస్యమవుతుంది. మన దేశంలో ఈ జబ్బును మొదట 1952లో నీలగిరి గిరిజనుల్లో గుర్తించారు. మన కొండల్లోని గిరిజన కుటుంబాల్లోనూ ఇది ఉంది.

ఇలాంటి బిడ్డలకు కరోనా కాలంలో మూడు వైపుల నుంచి దెబ్బ తగిలింది. ఆశ్రమ పాఠశాలలు మూతపడి అక్కడి భోజనం, గుడ్డు పోయాయి. నెలనెలా చూపించుకోవడం ఆగింది. జ్వరం వస్తే ఎక్కడికో తీసుకుపోతారనే భయంతో ఇంట్లోనే దాచుకున్నారు. ఈ పిల్లల్లో ప్లీహం చిన్నతనంలోనే దెబ్బతింటుంది కాబట్టి మామూలు జ్వరం కూడా గంటల్లో ప్రాణం మీదకు రావచ్చు.

ఐరోపా, అమెరికా దేశాల్లో సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జబ్బు ఉంది. ఇదీ సికిల్ సెల్ లాగే తల్లిదండ్రులిద్దరి నుంచి వస్తుంది. ఊపిరితిత్తుల్లో చిక్కటి కఫం చేరుతుంది, తిన్నది సరిగా అరగదు, బిడ్డ ఎదగడు. అక్కడ కూడా 2020లో పిల్లలను ఆసుపత్రికి రావద్దన్నారు. కాని ఫోనులో మాట్లాడుతూ, ఇంట్లోనే బరువు చూడమని చెబుతూ వచ్చారు. చాలామంది పిల్లలు బరువు నిలుపుకొన్నారు. దారులు మూసుకుపోయినా తూకం ఆగనక్కరలేదని దీనివల్ల మాకు అర్థమైంది.

తల్లిదండ్రులారా, ఈ మాటలు గుర్తుంచుకోండి:

1. నెలకొకసారి బరువు తూయించండి. ఆసుపత్రికి రాలేకపోతే అంగన్‌వాడీలోనైనా తూయించి కార్డులో రాయించండి. హైడ్రాక్సీయూరియా మోతాదు బరువును బట్టే నిర్ణయిస్తారు. వరుసగా రెండు నెలలు బరువు పెరగకపోతే మాకు చెప్పండి.

2. మందులు మానవద్దు, సగం చేయవద్దు. పది రోజుల మందు మిగిలి ఉండగానే మళ్లీ తీసుకోండి. డాక్టరు చెప్పనిదే ఐరన్ మాత్రలు వేయకండి.

3. నీళ్లు బాగా తాగించండి. ఈ పిల్లలకు మూత్రం ఎక్కువగా వస్తుంది. రాత్రి పక్క తడుపుతున్నాడని నీళ్లు తగ్గించకండి, కొట్టకండి.

4. చోడి అంబలి, పప్పు, ఉలవలు, మునగాకు, గుడ్డు – మనకు దొరికేవే పెట్టండి. మిగతా పిల్లలకన్నా ఒక పూట ఎక్కువ పెట్టండి.

5. దోమతెర తప్పనిసరి. ఈ జబ్బు ఉన్న బిడ్డకు మలేరియా వస్తే చాలా ప్రమాదం.

6. జ్వరం 101 దాటినా, ఎడమ డొక్క కింద ఉబ్బినా, కళ్లు, నాలుక తెల్లగా పాలిపోయినా, ఆయాసం వచ్చినా తెల్లవారేదాకా ఆగవద్దు. వెంటనే బయలుదేరండి.

పెళ్లి కుదుర్చుకునే ముందు అబ్బాయికి, అమ్మాయికి రక్తపరీక్ష చేయించండి. ఇద్దరిలోనూ ఈ లక్షణం దాగి ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఇది ఎవరి పాపమూ కాదు, శాపమూ కాదు. కేంద్ర ప్రభుత్వం 2023 జూలై 1న మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం కింద 40 ఏళ్ల లోపు వారికి పరీక్షలు చేస్తారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో కూడా ఈ జబ్బును చేర్చారు. ధ్రువపత్రం గురించి అడగండి.

ఆ బాబుకు మందులు మళ్లీ సక్రమంగా మొదలుపెట్టాం. ప్రతి నెలా ఎవరో ఒకరు ఫోను చేసి, ఎన్ని మాత్రలు మిగిలాయో లెక్క అడిగేవాళ్లం. 2021 ఆగస్టులో బడులు తెరిచేసరికి 23 కిలోలకు వచ్చాడు. ఆ కార్డులోని ఖాళీ గడులను మాత్రం మేము అలాగే ఉంచాం. కొత్తగా చేరిన నర్సులకు ఇప్పటికీ దాన్ని చూపిస్తాను.

ఈసారి మీరు వచ్చినప్పుడు బిడ్డను మేము తూయకపోతే, "సిస్టరుగారూ, బరువు చూడలేదు" అని అడగండి. మేము ఏమీ అనుకోము. ప్రభువు మీ బిడ్డలను ఆరోగ్యంతో ఎదిగింపజేయును గాక. ఆమేన్.