గాయపడిన కార్మికునకు ఉచిత న్యాయసహాయము

గుడివాడ బియ్యపు మిల్లులో చేయి నలిగిన కూలికైనను, గిలకలదిండి రేవులో పడవ బాగుచేయుచు పడిపోయిన వడ్రంగికైనను, నష్టపరిహారపు దావా కొట్టివేసిరని తెలిసినంతనే కలుగు చింత యొక్కటే: హైకోర్టులో వకీలును పెట్టుకొనుటకు సొమ్మెక్కడిది?

1987 నాటి న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టము 1995 నవంబరు 9 నుండి అమలులో నున్నది. దాని 12వ సెక్షను ననుసరించి పారిశ్రామిక కార్మికుడు ఆదాయముతో నిమిత్తము లేకయే ఉచిత న్యాయవాదిని కోరవచ్చును. దివిసీమ రొయ్యల చెరువుల కడ పనిచేయువాడు పారిశ్రామిక కార్మికుడగునా యని తర్కించుచు కూర్చుండ నక్కరలేదు. చట్టము చెప్పినంత అంగవైకల్యము కలిగినచో ఆ వైకల్యమే అతని అర్హత. అతడు మరణించినచో భార్య స్త్రీ యగుటయే చాలును. షెడ్యూల్డు కులములవారికిని, తెగలవారికిని ఇదే నియమము. తక్కినవారికి ఆదాయపు పరిమితి కలదు. అయితే దావాలో పైకి కనబడునంత బలమైనను ఉండవలెను.

అర్జీ యిచ్చుటకు అమరావతి పోనక్కరలేదు. మచిలీపట్నములోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు గాని, గుడివాడ, అవనిగడ్డ మండల న్యాయసేవా సంఘములకు గాని యీయవచ్చును. వ్రాయనేరని వారు నోట చెప్పినను వ్రాసికొందురు. 15100 నంబరుకు టెలిఫోను చేయవచ్చును. కోర్టు రుసుము, నకళ్ల ఖర్చు కూడ ఈ సహాయములోనివే.

1923 నాటి నష్టపరిహార చట్టము స్థానమున 2025 నవంబరు 21 నుండి సామాజిక భద్రతా స్మృతి వచ్చినది. (ఇ.ఎస్.ఐ. కల వారి మార్గము వేరు.) అప్పీలుకు గడువు 60 దినములే. అందులో ముఖ్యమైన న్యాయప్రశ్న యొకటి ఉండితీరవలెను; సాక్షిని నమ్మలేదను మొర చాలదు. వైద్యుని ధ్రువపత్రము, జీతపు రుజువు మొదటి విచారణలో దాఖలు కానిచో పైకోర్టులో చేర్చుట దుర్లభము. కనుక ఉచిత న్యాయవాదిని మొదటి వాయిదాకు ముందే కోరుట మేలని మా అభిప్రాయము. యజమానియే అప్పీలు చేసినచో, అతడు ముందుగా పరిహారపు సొమ్ము డిపాజిటు చేయవలెను. అప్పుడును కార్మికునకు ఈ సహాయము లభించును.

న్యాయప్రశ్న యనగా నెట్టిది? 1968లో ఒరిస్సాలో సినిమాహాలు పనిచేయుచు పడిన వడ్రంగి కొకనికి ఎడమచేయి తీసివేయవలసి వచ్చెను. ఇది పాక్షిక వైకల్యమే యని యజమాని వాదించెను. ఒంటిచేత వడ్రంగము సాగదు గనుక ఆ పనికి సంబంధించినంతవరకు అతని సంపాదనశక్తి సంపూర్ణముగా నశించినట్లేయని 1975లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. పరిహారము ప్రమాదము జరిగిన నాటినుండియే బాకీపడునని కూడ స్పష్టపరచెను. పట్టికలోని శాతమును మాత్రమే చూచి పరిహారము తగ్గించినచో, మన రేవు వడ్రంగియు ఈ తీర్పును చూపవచ్చును.

ఉత్తరువు నకలు చేతికందిన తేదీని దానిపైననే వ్రాసికొని, ఆ వారములోనే దానిని సంఘపు కార్యాలయమునకు తీసికొనిపోవలెను.