క్రిప్టోస్: గొంతు అదే, బాణీ వేరు

చెన్నై–బెంగళూరు రహదారి మీద బంగారుపాళ్యం దాటి, మొగిలి ఘాట్ ఎక్కి, చదువుకో ఉద్యోగానికో బెంగళూరు చేరే మన పిల్లలు ఎందరో. ఆ నగరంలోనే పుట్టి, పాతికేళ్లు దాటినా ఆగని హెవీ మెటల్ బ్యాండ్ ఒకటుంది. పేరు క్రిప్టోస్. ఇన్నేళ్లలో అది తన బాణీని మార్చుకున్న తీరు ఏ కళాకారుడైనా తెలుసుకోదగ్గది.

1998లో నోలన్ లూయిస్, గణేశ్ కృష్ణస్వామి దీన్ని మొదలుపెట్టారు. వీళ్లు గురువులుగా భావించే బ్రిటిష్ మెటల్ బ్యాండ్ ఐరన్ మెయిడెన్ బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించింది 2007 మార్చిలో. అప్పటికే క్రిప్టోస్ తొలి ఆల్బమ్ ‘స్పైరల్ అసెంట్’ వచ్చి మూడేళ్లయింది. అంటే తమ గురువులు ఈ ఊరి వేదిక ఎక్కకముందే వీళ్లు సొంతంగా ఆల్బమ్ చేశారన్నమాట.

ఆ 2004 ఆల్బమ్ నిండా మలుపులే. ఒక వరుస చెవిలో కుదురుకునేలోపే ఇంకొకటి వచ్చి పడుతుంది. 2008లో ‘ది ఆర్క్ ఆఫ్ జెమిని’, 2012లో ‘ది కాయిల్స్ ఆఫ్ అపోలియన్’ వచ్చాయి. చేతికి వచ్చిన విద్యనంతా చూపించాలన్న ఉబలాటం వాటిలో ఉంది. ఆ ఉబలాటం నాకిష్టమే.

అసలు మార్పు 2016లో జర్మన్ సంస్థ ఏఎఫ్ఎమ్ రికార్డ్స్ విడుదల చేసిన ‘బర్న్ అప్ ది నైట్’తో కనిపిస్తుంది. మలుపులు తగ్గాయి. జూడాస్ ప్రీస్ట్, ఐరన్ మెయిడెన్ బ్యాండ్లు 1980ల్లో నడిచిన సూటి దారిలోకి పాట వచ్చింది. రోహిత్ చతుర్వేది, నోలన్ గిటార్లు రెండూ జోడుగా సాగుతాయి. కుడి అరచేతి అంచును బ్రిడ్జి దగ్గర తీగలపై ఆనించి మీటితే మోగే ధ్వని పొడవు తగ్గి, బరువు పెరుగుతుంది. అలా మీటుతూ ఒక గురువు, రెండు లఘువులుగా దరువు నడిపితే మెటల్ వాళ్లు గ్యాలప్ అనే గుర్రపు నడక వస్తుంది. ఛందస్సు చదివినవాళ్లకు అది అచ్చంగా భగణం.

గొంతు మాత్రం మెత్తబడలేదు. ఈ తరహా పాటకు తారస్థాయికి ఎగిరే గొంతు వాడటం రివాజు. నోలన్ గరుకుగా గర్జిస్తాడు. గంగజాతరలో పలకల మోతకు అలవాటుపడ్డ మన చెవికి ఆ గరుకు కొత్తగా తోచదు. పాత గిటార్లు, కరకు గొంతు కలిసినచోటే ఈ బ్యాండ్ ముద్ర ఉంది.

ఎందుకు మారారు? 2013లో వీళ్లు జర్మనీలోని వాకెన్‌లో వాయించారు. దాదాపు రెండు వేల జనాభా ఉన్న పల్లె అది. 1990 నుంచి అక్కడ మెటల్ ఉత్సవం జరుగుతోంది. బయలు మైదానంలో, వేల మంది ముందు చిక్కుముడి వరుసలు కలగాపులగమైపోతాయి. సూటి దరువు చివరి వరుస దాకా చేరుతుంది. ఆ అనుభవం కూడా వీళ్లను సూటిదనం వైపు నడిపించిందని నా నమ్మకం.

హైదరాబాద్‌ది ఇంకో దారి. అక్కడి గాడ్‌లెస్ బ్యాండ్ డెత్ మెటల్ అనే ఉగ్ర శైలినే పట్టుకుని, 2021లో ‘స్టేట్స్ ఆఫ్ కేయాస్’ ఆల్బమ్ తెచ్చింది. తమ ఉగ్రతను తగ్గించుకోవాలని వాళ్లు అనుకోలేదు. అదీ మంచిదే.

క్రిప్టోస్ తర్వాతి ఆల్బమ్‌లు ‘ఆఫ్టర్‌బర్నర్’ (2019), ‘ఫోర్స్ ఆఫ్ డేంజర్’ (2021), ‘డెసిమేటర్’ (2024) అదే సూటి దారిని చిక్కబరిచాయి. కొత్తగా వినేవాళ్లు ‘బర్న్ అప్ ది నైట్’తో మొదలుపెట్టి ‘డెసిమేటర్’ దాకా రావాలి. ఆ తర్వాతే ‘స్పైరల్ అసెంట్’కు వెళ్లాలి. ఏమేం వదిలేసుకున్నారో అప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది.