స్టేషన్ నుంచి తీర్పు దాకా: నేర న్యాయంలో ఎవరికి ఏ చదువు

తర్లుపాడు, కంభం, గిద్దలూరు వైపు పల్లెల్లో ఇంటర్ పూర్తయిన పిల్లల్లో చాలామంది చూపు కానిస్టేబుల్ ఉద్యోగం మీదే ఉంటుంది. వానను నమ్ముకున్న సేద్యం, ఎప్పుడు ఎండిపోతుందో తెలియని బోరు ఉన్న చోట నెలనెలా జీతమొచ్చే సర్కారు కొలువంటే ఇల్లు నిలబడినట్టే. ఆ కోరిక న్యాయమైనదే. అయితే నేరం జరిగిన గడియ నుంచి శిక్ష పూర్తయ్యేదాకా ఒక కేసు ఎందరి చేతుల మీదుగానో నడుస్తుంది. అందులో పోలీసు మొదటి చెయ్యి మాత్రమే. మిగతా చేతుల గురించి మన పిల్లలకు చెప్పేవాళ్లు తక్కువ. ఏ చదువు ఏ పనికి దారితీస్తుందో ముందే తెలుసుకుంటే పిల్లల కాలం, తల్లిదండ్రుల డబ్బు రెండూ నిలుస్తాయి.

ఒక కేసు వెంట నడిస్తే

పొలం గట్టు తగాదాలో ఒక మనిషి ప్రాణం పోయిందనుకుందాం. స్టేషన్లో ఫిర్యాదు తీసుకుని ఎఫ్ఐఆర్ రాస్తారు. 1860 నాటి భారత శిక్షాస్మృతి స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది కాబట్టి, కేసు ఆ కొత్త సెక్షన్ల కింద కడతారు. సీఐ దర్యాప్తు చేపడతాడు. శవపంచనామా జరుగుతుంది. ప్రభుత్వ ఆసుపత్రి డాక్టరు పోస్టుమార్టం చేస్తారు. క్లూస్ టీమ్ వచ్చి నెత్తురు మరకలు, వేలిముద్రలు సేకరించి ల్యాబుకు పంపుతుంది.

అరెస్టయిన మనిషిని 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. రిమాండు వేయాలా వద్దా అన్నది మేజిస్ట్రేటు నిర్ణయం. ఇలాంటి పెద్ద నేరంలో 90 రోజుల్లోపు ఛార్జిషీటు పడకపోతే ముద్దాయికి బెయిలు అడిగే హక్కు వస్తుంది. తర్వాత సెషన్స్ కోర్టులో ప్రాసిక్యూటరు సాక్షులను నిలబెడతాడు, ముద్దాయి తరఫు వకీలు వారిని ప్రశ్నిస్తాడు, జడ్జి తీర్పు చెబుతాడు. శిక్ష పడితే జైలు అధికారుల బాధ్యత మొదలవుతుంది. నేరం చిన్నదై, చేసినవాడు మారే అవకాశముంటే 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద జైలుకు పంపకుండా ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణలో ఉంచవచ్చు.

ఈ ఒక్క కేసులోనే పోలీసు, డాక్టరు, శాస్త్రవేత్త, వకీలు, ప్రాసిక్యూటరు, జడ్జి, జైలు అధికారి కనిపించారు. ప్రతి ఒక్కరిదీ వేరే చదువు. కాలేజీ వెతికే ముందు ఈ పనుల్లో ఏది తనకు సరిపోతుందో పిల్లవాడు తేల్చుకోవాలి.

ఖాకీ దారి

కానిస్టేబుల్‌కు ఇంటర్, ఎస్ఐకి డిగ్రీ అర్హత. ఏ డిగ్రీ అయినా సరే, క్రిమినాలజీ చదివి ఉండాలన్న నిబంధన లేదు. ప్రిలిమ్స్, ఈవెంట్స్ అనే శారీరక పరీక్షలు, మెయిన్స్ మూడూ దాటాలి. సాధారణంగా మగపిల్లలకు 167.6 సెంటీమీటర్ల ఎత్తు, ఆడపిల్లలకు 152.5 సెంటీమీటర్ల ఎత్తు అడుగుతారు.

ఈ దారిలో అసలు కష్టం ఎదురుచూపు. ఆంధ్రప్రదేశ్‌లో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు నోటిఫికేషన్ 2022 నవంబరులో పడింది. ప్రిలిమ్స్ 2023 జనవరిలో జరిగింది. ఈవెంట్స్ ముగిసేసరికి 2025 వచ్చింది. మెయిన్స్ ఆ ఏడాది జూన్‌లో, తుది ఫలితాలు ఆగస్టులో. నోటిఫికేషన్ పడిననాడు డిగ్రీలో చేరినవాడు ఫలితం వచ్చేనాటికి పట్టా చేతబట్టుకోగలిగినంత కాలమది. చదువు పక్కనబెట్టి కోచింగ్ సెంటర్లోనే ఆ కాలమంతా గడిపినవాడికి ఉద్యోగం రాకపోతే చేతిలో ఏమీ మిగలదు. అందుకే కానిస్టేబుల్‌కు సిద్ధమయ్యే ఏ పిల్లవాడూ డిగ్రీ మానకూడదు. ఆ డిగ్రీ ఎస్ఐ పరీక్షకు, మూడేళ్ల లా కోర్సుకు కూడా తలుపు తెరుస్తుంది.

నల్లకోటు దారి

నేర న్యాయంలో ఎక్కువ తలుపులు తెరిచే చదువు లా. ఇంటర్ తర్వాత అయిదేళ్ల కోర్సు, డిగ్రీ తర్వాత మూడేళ్ల కోర్సు ఉన్నాయి. రాష్ట్రంలోని లా కాలేజీల్లో చేరడానికి లాసెట్ రాయాలి. జనరల్ విద్యార్థులకు ముందు చదువులో 45 శాతం మార్కులుండాలి, బీసీలకు 42, ఎస్సీ ఎస్టీలకు 40 చాలు. హైదరాబాదులోని నల్సార్‌కు, విశాఖ దగ్గరి దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయానికి క్లాట్ రాయాలి. ఆ పరీక్ష ఇంగ్లిషులోనే ఉంటుంది కాబట్టి ఇంటర్ మొదటి ఏడాది నుంచే ఇంగ్లిషు చదవడం అలవాటు చేసుకోవాలి.

పట్టా వచ్చాక బార్ కౌన్సిల్లో పేరు నమోదు చేసుకోవాలి. ఈ నమోదు ఫీజు ఒకప్పుడు పేద పిల్లలకు పెద్ద భారం. జనరల్ అభ్యర్థుల దగ్గర 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీల దగ్గర 125 రూపాయలకు మించి వసూలు చేయకూడదని సుప్రీంకోర్టు 2024 జులై 30న తీర్పిచ్చింది. ఆ తర్వాత ఆలిండియా బార్ పరీక్ష పాసవ్వాలి.

అక్కడి నుంచి దారులు చీలతాయి. మేజిస్ట్రేటు కోర్టుల్లో ప్రభుత్వం తరఫున వాదించే ఏపీపీ (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్) పోస్టులను భర్తీ చేసేది పోలీసు రిక్రూట్‌మెంట్ బోర్డే. ఈ సంగతి చాలామందికి తెలియదు. దానికి క్రిమినల్ కోర్టుల్లో మూడేళ్ల ప్రాక్టీసు అడుగుతారు. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు కూడా కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని సుప్రీంకోర్టు 2025 మే 20న చెప్పింది. అంటే జూనియర్‌గా సీనియర్ దగ్గర చేరి, వాయిదాలకు తిరిగి, కట్టలు మోసిన ఏళ్లు వృథా కావు, అవే అర్హతగా మారతాయి. పేద ముద్దాయిల తరఫున వాదించేందుకు న్యాయ సేవాధికార సంస్థలు 2022 నుంచి డిఫెన్స్ కౌన్సెల్ వ్యవస్థను నడుపుతున్నాయి. అందులో కొత్త లాయర్లకు కూడా చోటుంది.

ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపిన తల్లి పెంచిన టంగుటూరి ప్రకాశం రాజమండ్రిలో ప్లీడరుగా నిలదొక్కుకుని, ఇంగ్లండు వెళ్లి బారిస్టరై వచ్చాడు. చదువుకునే నాటికి ఆయన ఇంట్లో కలిమి లేదు. ఈ ప్రాంతపు పిల్లలు లా అంటే ఉన్నవాళ్ల చదువని వెనకడుగు వేయక్కర్లేదు.

ల్యాబు దారి

సైన్సు పిల్లలకు రాబోయేది మంచికాలం. నేర విచారణ విధానాన్ని నిర్దేశించే భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారం ఏడేళ్లు, అంతకుమించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనా స్థలానికి రావాలి, ఆధారాల సేకరణను వీడియో తీయాలి. దీన్ని పూర్తిగా అమలు చేయడానికి రాష్ట్రాలకు అయిదేళ్ల గడువిచ్చారు. చట్టం అడిగినంతమంది నిపుణులు కావాలంటే ఎందరినో తయారుచేయాలి. కెమిస్ట్రీ, జువాలజీ లాంటి సబ్జెక్టులతో బీఎస్సీ చేసి, ఆపై ఉస్మానియాలోనో, గాంధీనగర్ కేంద్రంగా ఉన్న జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ విశ్వవిద్యాలయంలోనో ఎంఎస్సీ చేయవచ్చు. మొదట గట్టి బీఎస్సీ చేయడమే మేలని నా అభిప్రాయం. ఫోరెన్సిక్ ఉద్యోగం ఆలస్యమైనా కెమిస్ట్రీ చదివినవాడికి ఫార్మా కంపెనీలో పని దొరుకుతుంది.

క్రిమినాలజీ మాటేమిటి

నేరం ఎందుకు పుడుతుంది, శిక్ష మనిషిని మారుస్తుందా అని పరిశోధించే శాస్త్రమిది. మద్రాసు విశ్వవిద్యాలయంలో దశాబ్దాలుగా ఈ శాఖ నడుస్తోంది. ఇగ్నోలో నేర న్యాయం మీద పీజీ డిప్లొమా ఉంది. పరిశోధన, బోధన, స్వచ్ఛంద సంస్థలు, బాల నేరస్థుల సంస్కరణ వైపు వెళ్లేవారికి విలువైన చదువే. కానీ ఈ ఒక్క డిప్లొమాతోనే పోలీసు కొలువు వస్తుందని ఎవరైనా చెబితే ఒకే ప్రశ్న అడగండి: ఏ నోటిఫికేషన్లో దీన్ని అర్హతగా రాశారో చూపిస్తారా? చూపించలేకపోతే ఫీజు కట్టకండి. లా కాలేజీ విషయంలోనూ అంతే. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉందో లేదో చూసుకున్నాకే చేరాలి.

ఇప్పుడే చేయగలిగినవి

మొదటిది, కేసుల్లో ఇరుక్కోకుండా చూసుకోవడం. ఎన్నికలప్పుడో, తిరునాళ్లలోనో జరిగే కొట్లాటల్లో పిల్లల పేర్లు ఎఫ్ఐఆర్‌లోకి ఎక్కుతుంటాయి. ఉద్యోగానికి ఎంపికయ్యాక నడవడి విచారణ జరుగుతుంది. అప్పుడు కేసును దాచిపెడితే మరీ నష్టం. అభ్యర్థి తన మీదున్న కేసుల గురించి నిజమే చెప్పాలని 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కేసు ఉంటే లాయరును అడిగి ఫారంలో ఉన్నదున్నట్టు రాయాలి.

సాధారణంగా కోర్టు విచారణ ఎవరైనా చూడవచ్చు. మార్కాపురం కోర్టుకు వెళ్లి, సెల్‌ఫోన్ ఆపేసి, వెనక బల్ల మీద ఒక పూట కూర్చోండి. సాక్షి తడబడటం, ప్రాసిక్యూటరు పేజీలు తిప్పడం, జడ్జి ప్రతి మాటా రాయించుకోవడం కళ్లారా చూస్తే ఏ పని మీద మనసు పోతుందో మీకే తెలుస్తుంది. న్యాయ సేవాధికార సంస్థలో పారాలీగల్ వాలంటీరుగా చేరితే చట్టం అవసరమైన మనుషుల్ని దగ్గర నుంచి చూడవచ్చు. ఉచిత న్యాయసహాయానికి 15100 నంబరుందని ఊళ్లో పదిమందికి చెప్పడం కూడా ఆ పనిలో భాగమే.

పల్లెలో దెబ్బతిన్న మనిషి స్టేషన్ మెట్లెక్కడానికి భయపడతాడు, కోర్టు భాష అర్థంకాక మౌనంగా తిరిగొస్తాడు. అతని యాస, అతని కష్టం తెలిసిన పిల్లలు స్టేషన్లో, ల్యాబులో, బెంచి మీద కూర్చున్ననాడు ఆ భయం తగ్గుతుంది. తర్లుపాడు పిల్లలు ఈ చదువుల్లోకి రావాలని కోరుకోవడానికి నాకు జీతం కంటే పెద్ద కారణం ఇదే.