ప్రాచీనాహారమున కాఫీయు, తీపియు

అన్నము మానుట సులభము. కాఫీ మానుట కష్టము. తీపి మానుట మిక్కిలి కష్టము. ఈ మాట నాకు పుస్తకములవలన తెలిసినది కాదు. మా మేనమామగారి యింట చూచి తెలిసికొన్నది.

వారికి చాల కాలమునుండి మధుమేహము కలదు. ఆహారమును మార్చినచో వ్యాధి అదుపులోనికి వచ్చునని మిత్రులు చెప్పగా ‘పేలియో’ అను పద్ధతిని అవలంబించిరి. అన్నము, ఇడ్లీ, పప్పు, పాలు, పెరుగు, పంచదార ఒక్కనాటనే విడిచిరి. మాంసము, చేపలు, గ్రుడ్లు, కూరగాయలు మాత్రమే భుజించుచు రెండు మాసములలో ఒళ్లు తేలికపడెనని సంతసించిరి. కాని కాఫీ లేనిదే వారికి తెల్లవారదు. కావున పాలకు మారుగా కొబ్బరిపాలును, పంచదారకు మారుగా తాటిబెల్లమును చేర్చి దినమునకు నాలుగు గ్లాసులు త్రాగుచుండిరి. రాత్రి భోజనమైన తరువాత తేనెలో తడిపిన ఖర్జూరపు ఉండలు మూడో నాలుగో తినుచుండిరి. మా అత్తయ్యగారు వారించినచో, “ఇది పంచదార కాదు గదా! మన పూర్వులు అడవిలో తినినదే” అని నవ్వెడివారు.

ఒకనాటి ఉదయమున వారు ఎప్పటివలెనే మాత్ర వేసికొని, ఏమియు తినక బజారునకు వెడలి, దారిలో చెమటలు పట్టి, చేతులు వణకి కూలబడిరి. రక్తములో చక్కెర ఉండవలసినదానికంటె మిక్కిలి తగ్గినదని వైద్యుడు చెప్పెను. అదే వారమున రాత్రివేళ పరీక్షింపగా అది మితిమీరి పెరిగియుండెను. “ఉదయమున లేమి, రాత్రి అతి. ఈ రెండును ఒక్క మనుష్యునియందు ఎట్లు చేరినవి?” అని వైద్యుడు అడిగెను. ఆ ప్రశ్నకు సమాధానము వెదకుటయే ఈ వ్యాసమునకు కారణము.

మొదట ఈ నియమమెట్టిదో తెలిసికొందము. పేలియో యనగా పాతరాతియుగపు ఆహారము. సుమారు 26 లక్షల సంవత్సరముల క్రిందట మొదలై సుమారు 12,000 సంవత్సరముల క్రిందట ముగిసిన ఆ యుగమున మానవుడు వేటాడియు, ఏరుకొనియు బ్రదికెను. దున్నుటయు విత్తుటయు ఎరుగడు. 1975వ సంవత్సరమున వాల్టర్ వోగ్ట్లిన్ అను అమెరికా వైద్యుడు రాతియుగపు ఆహారమును గూర్చి ఒక గ్రంథము వ్రాసెను. 1985లో బోయిడ్ ఈటన్, మెల్విన్ కానర్ అను ఇరువురు ఈ విషయమునే ఒక ప్రసిద్ధ వైద్యపత్రికయందు చర్చించిరి. 2002లో లారెన్ కార్డెయిన్ ప్రకటించిన గ్రంథముతో ఇది లోకమంతట వ్యాపించెను. వారి వాదము క్లుప్తముగా నిట్టిది: మన దేహము బహు పురాతనము, సేద్యము క్రొత్తది, కావున సేద్యముతో వచ్చిన ధాన్యములు, పప్పులు, పాలు, పంచదార మన దేహమునకు సరిపడవు. మాంసము, చేపలు, గ్రుడ్లు, కూరలు, పండ్లు, గింజలు సరిపడును. తేనె మాత్రము కొలదిగా తినవచ్చును.

మన తెలుగునాట 2017, 2018 సంవత్సరములలో వీరమాచనేని రామకృష్ణగారు ప్రచారము చేసిన పద్ధతి వేరొకటి. అందు కొబ్బరినూనె వంటి క్రొవ్వు, నిమ్మకాయలు, నీరు, విటమిన్ మాత్రలు ముఖ్యములు. దానిని గూర్చి వైద్యులు బహుముఖముల వాదించిరి. అది పేలియో కాదు గాని దానికి దగ్గర చుట్టము. అన్నము మానుట యను మాట మన యిండ్లలో సామాన్యమైనది ఆ దినములనుండియే.

ఇపుడు కాఫీయొద్దకు వత్తము. పూర్వులు ఎరుగనిది త్రాగరాదన్నచో కాఫీ మొదటనే తొలగవలయును. అది ఇథియోపియాదేశపు చెట్టు. దాని గింజలను వేయించి కషాయము కాచుట కొన్ని వందల సంవత్సరముల అలవాటే గాని రాతియుగపుది కాదు. అయినను పేలియోవారిలో పెక్కుమంది పాలును పంచదారయు లేని కాఫీని అనుమతింతురు. అనగా వారును తమ నియమమును కాఫీకొరకు కొంత వంచిరన్నమాట!

ఈ సందర్భమున మన ఊరివారు గర్వింపదగిన సంగతి యొకటి కలదు. పెద్దాపురమునకు ప్రక్కనున్న సామర్లకోటకు 1781లో విలియం రాక్స్‌బర్గ్ అను స్కాట్లండు వైద్యుడు ఈస్టిండియా కంపెనీ కొలువున వచ్చెను. ఆయన వృక్షశాస్త్రమున గొప్ప పండితుడు. అచ్చటి కంపెనీ తోటలో మిరియపు తీగెలను, దాల్చినచెక్కను, జాజికాయను, వానితోపాటు కాఫీని పెంచి చూచెను. మన పెద్దాపురము, పిఠాపురము జమీందారీలలో ఏలేటి యొడ్డున రైతులు చెరకు నాటుట, గానుగ ఆడుట, బెల్లము వండుట కన్నులార చూచి విపులముగా వ్రాసెను. 1793లో కలకత్తా వృక్షోద్యానమునకు అధికారియై వెడలెను. కాఫీచెట్టును, చెరకుతోటను ఒక్క మనుష్యుడు ఒక్కచోటనుండి పరిశీలించిన ఊరి ప్రక్కనే మనము నివసించుచున్నాము. ఆ మైదానమున కాఫీ నిలువలేదు; దానికి కొండ చలువయు, చెట్టు నీడయు వలయును. 1898లో బ్రోడీ అను దొర పూర్వపు తూర్పుగోదావరి జిల్లా మన్యమున పాములేరు లోయలో కాఫీ నాటించెననియు, అచ్చటనుండి అది విశాఖ మన్యమునకు ప్రాకెననియు చెప్పుదురు. అరకులోయ కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించెను.

కాఫీ చేయు పని యేమి? మనము మేలుకొనియున్న కొలది మెదడులో అడెనోసిన్ అను పదార్థము చేరి నిద్ర తెప్పించును. కాఫీలోని కెఫీన్ ఆ పదార్థము కూర్చుండవలసిన పీటను తాను ఆక్రమించును. నిద్ర తొలగినట్లు తోచును గాని అలసట తీరదు. త్రాగిన కెఫీనులో సగము దేహమును విడుచుటకు సుమారు 5 గంటలు పట్టును. కావున సాయంకాలపు కాఫీ రాత్రి నిద్రకు శత్రువు. ఆరోగ్యవంతులైన పెద్దలకు దినమునకు 400 మిల్లీగ్రాముల కెఫీన్ వరకు హానిలేదని ఐరోపా ఆహార నిపుణులు నిర్ణయించిరి. అది సుమారు నాలుగు కప్పుల ఫిల్టరు కాఫీ. గర్భవతులకు అందు సగమే మితము. బాలబాలికలకు ఇంకను తక్కువ. భోజనముతో కలిపి త్రాగినచో కాఫీ మన ఆహారములోని ఇనుమును దేహమునకు అందనీయదు. రక్తహీనతగల బాలికలు మన పాఠశాలలలో పెక్కండ్రు. వారు భోజనమునకును కాఫీకిని నడుమ ఒక గంటయైన వ్యవధి ఉంచవలయును.

ఇంతకు కాఫీలో దోషము కాఫీగింజది కాదు. వట్టి డికాక్షనులో శక్తి యిచ్చు పదార్థము దాదాపు శూన్యము. దోషము దానితో కలియు తీపియందున్నది. ఒక గ్లాసునకు రెండు చెంచాల పంచదార యన్నచో సుమారు 10 గ్రాములు. నాలుగు గ్లాసులకు 40 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇట్లు నిర్దేశించెను: మనము ఆహారమున చేర్చుకొను చక్కెర, తినెడి శక్తిలో పదియవ వంతు మించరాదు, అందును సగమునకు, అనగా సుమారు 25 గ్రాములకు, తగ్గించుట మేలు. ఆ లెక్కలో తేనెయు చేరియున్నది. తాటిబెల్లమును, చెరకుబెల్లమును అధికభాగము చక్కెరయే; కొలది ఖనిజములు ఉన్నంతమాత్రమున రక్తము దానిని క్షమింపదు. మా మేనమామగారు మిఠాయి ముట్టకయే కాఫీతోనే ఆ 25 గ్రాములను దాటిరి.

“తేనె పూర్వులు తినినదే గదా” యను మాట నిజమే. టాంజానియా దేశమున నేటికిని వేటవలన జీవించు హడ్జాజాతివారు అన్ని ఆహారములలో తేనెనే మిక్కిలి ఇష్టపడుదురని పరిశోధకులు కనుగొనిరి. మన గోదావరి కొండలలోని కొండరెడ్లను గూర్చి హైమండార్ఫ్ పండితుడు 1945లో ఒక గ్రంథము ప్రకటించెను. పోడుపంట గింజలు అయిపోయిన మాసములలో అడవిదుంపలు, జీలుగుచెట్టు కల్లు, ఆ చెట్టు మానులోని పిండి, మామిడిటెంకల పప్పు వారిని బ్రదికించుచుండెడివి. తేనె దొరకినది పండుగ. దానికై కొండచరియ దిగవలయును, పొగ పెట్టవలయును, కుట్లు భరింపవలయును. దొరకినదానిని అందరితో పంచుకొనవలయును. మనకో, సీసా మూత త్రిప్పుటయే శ్రమ. పూర్వుని తేనెయు మన తేనెయు పదార్థమున ఒక్కటే. దొరకెడి తీరున వేరు.

పూర్వులు ధాన్యమెరుగరను మాటయు పూర్తిగ నిలువదు. ఇటలీ మున్నగు దేశములలో సుమారు 30,000 సంవత్సరముల నాటి నూరుడురాళ్లపై పిండి జాడలు కనబడెను. జోర్డానుదేశమున 14,000 సంవత్సరములకు పైబడిన రొట్టె ముక్కలు దొరకినట్లు 2018లో ప్రకటించిరి. ఇక పండ్లన్ననో, అడవి అరటి నిండ గింజలే. మన రావులపాలెపు సంతలోని చక్రకేళి మానవుడు తరతరముల ఎన్నుకొని పెంచిన తీపి. ‘పేలియో మిఠాయి’లో తప్పక చేర్చు జీడిపప్పు బ్రెజిలునుండి వచ్చినది. మన మోరి గ్రామపు జీడిపప్పు రుచికి పేరుబొందినదే గాని మన పూర్వుడు దానిని కలనైన చూడలేదు.

కావున “పూర్వులు తినిరా, లేదా?” యను ప్రశ్నకంటె “ఎంత తినిరి? ఎన్నిమారులు తినిరి?” యను ప్రశ్న మనకు మేలు చేయును.

ఈ నియమమున ఉన్నవారు కాఫీని ఆనందముగా త్రాగగోరినచో ఇట్లు చేయవచ్చును. ఫిల్టరులో చిక్కని డికాక్షను దించవలయును. పచ్చికొబ్బరి తురిమి, గోరువెచ్చని నీటితో రుబ్బి, గుడ్డలో పిండి మొదటి పాలు తీయవలయును. ఆ పాలను వెచ్చచేయవలయునే గాని మరిగింపరాదు; మరిగినచో విరుగును. గ్లాసులో మూడవవంతు పాలుంచి, డికాక్షనును మెల్లగా పోయవలయును. కొబ్బరికి సహజమైన తీపి కలదు. దానికి నాలుకను అలవరచుకొన్నచో వేరు తీపి అక్కరలేదు. ఒకేసారి మానలేనివారు వారమునకు అరచెంచా చొప్పున తగ్గించుకొనవచ్చును. కొబ్బరిపాలలో క్రొవ్వు విశేషము, కాల్షియము స్వల్పము. కావున ఎదుగుచున్న పిల్లలు వైద్యుని మాట లేనిదే పెద్దలను చూచి ఆవుపాలు, గేదెపాలు మానరాదు.

మిఠాయిల సంగతి. ఆత్రేయపురపు పూతరేకునందు బియ్యపు పొరయు, బెల్లమో పంచదారయో, నేయియు కలవు. తాపేశ్వరపు మడతకాజాయందు మైదాపిండియు పాకమును కలవు. ఇవి యేవియు ఈ నియమమునకు ఒదుగవు. బాదంపిండితో కాజా చేసి ‘ఇది ప్రాచీనము’ అనుకొనుటకంటె, పండుగనాడు అసలైన కాజా ఒక్కటి తిని తృప్తిపడుట నిజాయితీయని నా అభిప్రాయము. మధుమేహము కలవారు ఆ ఒక్కటియు వైద్యునితో ఆలోచించి తినవలెను.

నిత్యము కొంత తీపి కావలయునన్న వారికి మన సీమ కరవు చేయలేదు. వేసవిలో తాటిముంజెలు, శీతకాలమున ఉడికించిన తేగలు కలవు. ఉడికించిన చిలగడదుంపపై కొబ్బరికోరు చల్లినచో వేరు పంచదార లేకయే తీయనగును. అయితే అన్ని దుంపలును ఒక్కటి కావు. మన ప్రాంతమున పండి, సగ్గుబియ్యమగు కర్రపెండలమును పచ్చిగ తినరాదు, అందు విషము కలదు. ఒలిచి బాగుగ ఉడికించియే తినవలయును. ఉండలు కావలెనన్నచో 100 గ్రాముల గింజలేని ఖర్జూరము, 50 గ్రాముల జీడిపప్పు, 50 గ్రాముల ఎండుకొబ్బరి కలిపి దంచి పది ఉండలు చేయవచ్చును. ఒక్కొక్క దానియందు సుమారు 7 గ్రాముల చక్కెర ఉండును. ఒకటి తినిన తీపి. నాలుగు తినినచో అదియు ఒక కాజాకు తీసిపోదు. తేనెలో ముంచుట వట్టి దురాశ.

ఇపుడు వైద్యుని ప్రశ్నకు సమాధానము దొరకినది. మా మేనమామగారు అన్నము మానిరి గాని, అన్నము తినువానికై నిర్ణయించిన మాత్రను తగ్గింపలేదు. కావున ఉదయమున లేమి. పంచదార మానిరి గాని తీపిని మానలేదు, పేరు మాత్రమే మార్చిరి. కావున రాత్రి అతి. మధుమేహమునకు మాత్రలుగాని, ఇన్సులిన్‌గాని తీసికొనువారు ఆహారమును ఒక్కనాట మార్చరాదు. ముందుగ వైద్యునికి తెలిపి మందు మోతాదు సరిచేయించుకొనవలయును. చెమట, వణకు, కన్ను చీకటియగుట తోచినచో, స్పృహలో నుండి మ్రింగగలిగినంతసేపు, నియమమును ప్రక్కకు పెట్టి పంచదార నీరు వెంటనే త్రాగవలయును. ఆ క్షణమున పంచదారయే ఔషధము. స్పృహ తప్పినవారి నోట ఏమియు పోయరాదు. వెంటనే ఆసుపత్రికి చేర్చవలయును.

నేడు వారు దినమునకు రెండు గ్లాసుల కాఫీ, తీపి లేక త్రాగుచున్నారు. మధ్యాహ్నమున పిడికెడన్నము తినుచున్నారు. సంక్రాంతినాడు అత్తయ్యగారు పూతరేకు ఒకటి రెండు ముక్కలు చేసి, ఒక ముక్క వారికిచ్చి, రెండవది తాను తినిరి. “పూర్వులు పంచుకొని తినిరని నీవే చెప్పితివి గదరా” అని మామగారు నావంక చూచి నవ్విరి. రాతియుగపు వంటకమును మనము తిరిగి తేజాలము. ఆ మితమును, ఆ పంపకమును మాత్రము తేగలము.