అట్టమీద లేని పేర్లు

భద్రాచలంలో గుడి మెట్లకు పోయే దారి పొడుగునా దుకాణాల్లో ఒకప్పుడు కాసెట్లు గుట్టలుగా పోసి అమ్మేవారు. తర్వాత ఎంపీత్రీ డిస్కులొచ్చాయి. ఆ తర్వాత పెన్‌డ్రైవులో వంద పాటలు ఎక్కించి ఇచ్చే రోజులొచ్చాయి. సరుకు రూపం మారినా అట్ట మాత్రం మారలేదు. సీతారాముల బొమ్మ, పెద్ద అక్షరాల్లో 'రామదాసు కీర్తనలు', వెనక పాటల పట్టిక. పాడినవారెవరో ఉండదు. వాయించినవారి ఊసే ఉండదు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరికోసం పాడించారో అసలే ఉండదు.

అట్లాంటి ఒక డిస్కుని నమ్మి నేను లోగడ ఒక వ్యాసం రాశాను. నేలకొండపల్లి కంచర్ల గోపన్న, అంటే మన రామదాసు, తానాషా కొలువులో తహసీల్దారు. దేవుడికి చేయించిన నగలకెంత ఖర్చయిందో లెక్క చెప్పి నిలదీసే ఆయన కీర్తనల్లో శిస్తు లెక్కలు రాసిన ఉద్యోగి భాష ఉందని నా వాదన. ఆ వాదన ఇప్పటికీ వదులుకోలేదు. కాని దానికి చూపిన రెండు సాక్ష్యాలు కూలిపోయాయి. ఒక కీర్తన నడకలోని దూకుడే చెరసాల ఆగ్రహానికి గుర్తన్నాను. మరో పాటలోని ఒక ప్రయోగాన్ని పదిహేడో శతాబ్దపు పలుకుబడిగా చూపించాను. ఖమ్మంలో సభ ముగిశాక ఒక విద్యార్థిని వచ్చి, "సార్, ఆ రెండోది సినిమా పాట కదా?" అంది. 2006లో కె.రాఘవేంద్రరావు దర్శకత్వంలో వచ్చిన 'శ్రీరామదాసు' కోసం మన కాలపు కవి రాసిన పాట అది. అసలు కీర్తనల మధ్య దాన్నీ గుచ్చి అమ్మారు, నేను కొన్నాను, ఉదాహరించాను.

దూకుడు సంగతి ఇంకా విచిత్రం. ఆ కీర్తన పాత కాసెట్ నుంచి డిస్కులోకి ఎక్కినది. కాసెట్‌లో టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడవాలి. నకలు తీసే యంత్రం నూటికి ఆరు వంతులు అటో ఇటో అయితే శ్రుతి దాదాపు అర్ధస్వరం మారిపోతుంది. మూడు నిమిషాల పాట పది సెకన్లు ముందే అయిపోతుంది. నేను రామదాసు ఆగ్రహమనుకున్నది మోటారు తొందర!

ఆనాటి నుంచి ఏ చౌక సంకలనం చేతికొచ్చినా దాని వెనకున్న మొదటి రికార్డు ఏదో వెతకటం అలవాటైంది. ఈ విద్యలో మనకు గురువులు జాజ్ సంగీతాభిమానులు. జాజ్ అమెరికా నల్లజాతి ప్రజల సంగీతం. అందులో వాద్యకారుడు అప్పటికప్పుడు అల్లుకుపోతాడు. ఒకే పాటను ఒకే పూట రెండుసార్లు రికార్డు చేస్తే రెండుసార్లూ ఒకటి కాదు. అందుచేత 'ఏ పాట' అన్న ప్రశ్న చాలదు, 'ఏ రోజు, ఎన్నోసారి' అని అడగాలి. 1936లో పారిస్‌లో షార్ల్ దెలోనే ఈ వివరాలతో 'హాట్ డిస్కోగ్రఫీ' అనే పుస్తకమే వేశాడు. 78 స్పీడు రికార్డులో కాగితపు బిళ్ళకూ పాట గాళ్ళకూ నడుమ నున్నటి జాగాలో ఒక అంకె చెక్కి ఉంటుంది. దాన్ని మాట్రిక్స్ నంబరంటారు. బిళ్ళమీది నంబరు, పేరు, కంపెనీ గుర్తు కూడా మళ్ళీ వేసినప్పుడల్లా మారవచ్చు. అసలు అచ్చుతో పాటు పుట్టిన ఆ చెక్కుడు అంకె మాత్రం సాధారణంగా వెంటే వస్తుంది. అట్టమీది పేరుని కాక ఆ అంకెని నమ్మాలన్నది వాళ్ళ మొదటి పాఠం. తాళపత్ర ప్రతుల్ని పోల్చి పాఠనిర్ణయం చేసినవాళ్ళకి ఇది కొత్త విద్యేమీ కాదు.

పేరుని ఎందుకు నమ్మకూడదో రెండు ఉదాహరణలు చాలు. డ్యూక్ ఎల్లింగ్టన్ బృందం బ్రన్స్‌విక్ కంపెనీకి 'జంగిల్ బ్యాండ్' గానూ, ఓకే కంపెనీకి 'హార్లెం ఫుట్‌వార్మర్స్' గానూ వాయించింది. 1953 మే 15న టొరంటో మాసీ హాల్లో జరిగిన కచేరీ రికార్డుమీద చార్లీ పార్కర్ పేరు 'చార్లీ చాన్' అయింది, ఆయన ఒప్పందం వేరే కంపెనీతో ఉంది కాబట్టి. అంటే కళాకారుడి పేరుకూడా పెట్టుబడి చేతిలో ఆస్తే. చెల్లించినవాడిదే పేరు. చౌక సంకలనాలు వేసేవారు ఈ చిక్కుల్లోకి పోరు. పేరు చెబితే లెక్క చెప్పాలి, లెక్క చెబితే సరుకు చౌక కాదు. అందుకే అట్టమీది ఆ ఖాళీని నేను అజాగ్రత్త అనుకోను.

మన దేశంలోనూ ఇది పాత కథే. 1902లో గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి రికార్డు చేసినప్పుడు గౌహర్ జాన్ పాట చివర తన పేరు తానే ఇంగ్లీషులో చెప్పేది. రికార్డులు అచ్చుపోసేది జర్మనీలోని హానోవర్‌లో, అక్కడివారు బిళ్ళ తారుమారు చేయకుండా ఉండేందుకని చెబుతారు. ఇప్పటి సంకలనాల్లో కొన్నిటిలో ఆ చివరి మాటని సన్నగిలజేసి కోసేస్తారు. ఆమె తన గొంతుతో అతికించుకున్న సంతకాన్ని చెరిపెయ్యటమే అది. 1949 నాటి 'మహల్' సినిమాలో లతా మంగేష్కర్ పాడిన పాట మొదటి రికార్డుమీద గాయని పేరు 'కామిని' అని పడింది. కామిని ఆ సినిమాలో పాత్ర!

చట్టమేమంటుందని అడుగుతారు. 1957 కాపీరైటు చట్టానికి 1984లో చేర్చిన 52ఎ సెక్షను ప్రకారం రికార్డుమీదా, దాని పెట్టెమీదా తయారుచేసినవారి పేరు, చిరునామా, హక్కుదారు వివరాలు, మొదట ప్రచురించిన సంవత్సరం ఉండాలి. పాడినవారి పేరు ఉండాలని ఆ సెక్షను అడగదు. చట్టం దృష్టిలో రికార్డుని 'తయారుచేసినవాడు' దాన్ని చేయించినవాడే. ప్రదర్శకుల హక్కులు 1994 సవరణతోనే వచ్చాయి. ఈ ప్రదర్శన నాది అని చెప్పుకునే నైతిక హక్కు 2012లో గాని రాలేదు. ఇక రికార్డుమీద హక్కు అరవయ్యేళ్ళు. 1964 నాటి రికార్డుకి 2024 ఆఖరుతో గడువు తీరింది. గడువు తీరాక ఎవరైనా అమ్ముకోవచ్చు. పాట జనానికి దక్కటం మంచిదే, పేరు ఊడి దక్కటమే నాకు బాధ.

మళ్ళీ నా డిస్కు దగ్గరికొస్తాను. పన్నెండు పాటల్లో ఎక్కువ భాగం మంగళంపల్లి బాలమురళీకృష్ణ గొంతు. అది పోల్చటానికి పరిశోధన అక్కర్లేదు. కాని ఆయన ఒకే కీర్తనను పలుమార్లు పాడాడు. ఏ సంగతి ఎక్కడ వేశాడు, వెనక వీణ ఉందా వేణువుందా అని పక్కపక్కన పెట్టి వింటేగాని ఏదేదో తేలదు. ఒక పాట చివర ఇంకో మనిషి గొంతులో సగం అక్షరం మిగిలింది. అది రేడియో ప్రకటనకర్తది. విజయవాడ ఆకాశవాణిలో బాలాంత్రపు రజనీకాంతరావు రూపుదిద్దిన 'భక్తిరంజని'ని ఎవరో ఇంట్లో టేపు పట్టుకున్నారు, అదే తిరిగి తిరిగి దుకాణానికొచ్చింది. ఇక్కడ సాహిత్య విద్యార్థులు ఒకటి గమనించాలి. రామదాసు కాలపు స్వరలిపి మనకు లేదు. మాట పదిహేడో శతాబ్దానిది, మన చెవిలో ఉన్న వరస చాలావరకు ఇరవయ్యో శతాబ్దపు రేడియో, గ్రామఫోను ఇచ్చినది. ఆ వరసని బట్టి కవి మనోభావాన్ని నిర్ణయించటం ప్రమాదం. నేను చేసింది అదే.

ఇంకో పాట నన్ను చాలారోజులు తిప్పింది. తెలుగు కొత్తగా పలికే గొంతు, ఒత్తుల్లో హిందుస్తానీ ఛాయ. చివరికి దారి సినిమావైపు తీసింది. చిత్తూరు నాగయ్య స్వయంగా తీసి, నటించిన 1964 నాటి 'రామదాసు'లో కబీరు పాత్ర ఉంది. గుమ్మడి వేశాడు. ఆయనకు పాడింది మహమ్మద్ రఫీ. రామదాసుని కలిసే కబీరుకి ఉత్తరాది గొంతు పెట్టాలన్న నాగయ్య ఊహ ఎంత సొగసైనదో! ఆ పాటని సినిమాలోంచి పెరికి, కబీరు పేరూ రఫీ పేరూ తీసేసి, కీర్తనల్లో ఒకటిగా కలిపితే ఆ ఊహ ఏమైపోయినట్టు?

ఆ డిస్కు కొన్న దుకాణంలోనే ఇంకొకటి కొన్నాను. 'గిరిజన జానపదాలు'. అందులో కోయల రేల పాట ఒకటుంది. రచన, గానం రెండిటికీ కలిపి ఒకే మాట వేశారు: 'సంప్రదాయం'. దీనికి మాట్రిక్స్ నంబరుండదు, రేడియో తోక ఉండదు. చెవులే ఆధారం. భద్రాచలానికి పైన, దుమ్ముగూడెం వైపు అడవి అంచున ఒక కోయగూడేనికి తీసుకుపోయి ఒక ముసలామెకు వినిపించాను. మొదటి చరణానికే ఆమె చెయ్యెత్తి ఆపమంది.

"పాట మాదే. డోలు మాది కాదు సారూ."

నిజమే. పాడినవారికి తెలియకుండా తర్వాతెవరో కీబోర్డు తాళం అతికించారు. దాన్ని దాటి వినమని మళ్ళీ వేశాను. ఆమె కళ్ళు మూసుకుని వేళ్ళు మడిచింది. నేను ఒక్క గొంతనుకున్నది మూడు గొంతులు. ఒకామె ఎత్తుకుంటుంది, ఇద్దరు అందుకుంటారు. అందుకునేవారిలో ఒకరు వయసులో చిన్న. విత్తనాల పండుగప్పటి పాట అనీ, ఈ పలుకు తమ గూడెంది కాదు, ఇంకా పైన గోదావరి అవతలి గూడేలదనీ చెప్పింది.

నా నోటు పుస్తకంలో ఆ పాట ఎదురుగా 'సంప్రదాయం' అని రాసుకున్నది కొట్టేశాను. 'ముగ్గురు స్త్రీలు, ఒకరు ముందు. గోదావరి అవతల' అని రాసుకున్నాను. వచ్చే విత్తనాల పండుగకి అవతలికి పోవాలి.