తాయెత్తులోని జంతువు

శ్రోతలు వ్రాయు ఉత్తరములలో కొన్నిటికి ఒక్క మాటలో జవాబు చెప్పుట సాధ్యము కాదు. ఇటీవల ఒక గృహిణి మాకు వ్రాసిన ఉత్తరము అట్టిది. ఆమె మనుమనికి మూడవ యేడు. వాని మెడలో బంగారుకట్టు గల పులిగోరు ఒకటి ఉన్నది. అది ఆమె అత్తగారు ఇచ్చినది. ఆ యింట మూడు తరముల పిల్లలు దానిని ధరించి పెరిగిరి. ఇప్పుడు కోడలు దానిని తీసివేయుదమనుచున్నది. కొడుకు అది ఉంచుకొనుటయే నేరమనుచున్నాడు. ఆమెకు మాత్రము తీయుటకు చేయి రాకున్నది. "దానిలో మహిమ ఉన్నదా, లేదా? ఉంచుకొనుట తప్పా, కాదా?" అని ఆమె అడిగినది. ఈ రెండు ప్రశ్నలకును సమాధానము చెప్పుటయే నేటి ప్రసంగము ఉద్దేశము.

ముందుగా మా సంగతి చెప్పుట న్యాయము. చిన్ననాడు మా మెడలోను ఒక తాయెత్తు ఉండెడిది. ఏటికొకసారి మా ఊరికి ఎలుగుబంటిని ఆడించువాడు వచ్చెడివాడు. రాత్రులు ఉలికిపడి యేడ్చు పిల్లలను ఎలుగు వీపున ఎక్కించి ఒక చుట్టు త్రిప్పి, జోలెలోనుండి మూత బిగించిన రాగి తాయెత్తు ఒకటి తీసి, అందులో ఎలుగు వెంట్రుక ఉన్నదని చెప్పి యిచ్చెడివాడు. మా నాయనమ్మ బియ్యమును, కొంత రొక్కమును ఇచ్చి దానిని కొని మా మెడలో కట్టినది. మాకు పదేండ్లు వచ్చిన పిదప ఒకనాడు ఆ మూత ఊడిపోగా లోపల చూచితిమి. అందున్నది కొబ్బరిపీచు! అయినను, ఆ తాయెత్తు కట్టిన రాత్రినుండి మేము ఉలికిపడుట మానితిమని నాయనమ్మ చెప్పెడిది. ఆమె మాట అబద్ధమని మేము అనుకొనము. పిల్లవానికి ధైర్యము కలిగినది. అది పీచువలన కలిగినది కాదు. ఎలుగు ఉన్నను దాని వెంట్రుకవలన కలిగెడిది కాదు. ఇక భయము లేదని నమ్మి ప్రక్కన పరుండిన నాయనమ్మ వలన కలిగినది.

జంతువుల గోళ్లను, వెంట్రుకలను, ఎముకలను రక్షగా ధరించుట మనవారికి మాత్రమే గల ఆచారము కాదు. అమెరికాలో కుందేలు పాదమును అదృష్టము కొరకు దగ్గర ఉంచుకొనెడి వాడుక ఉన్నది. మన దక్షిణదేశమున వాడుకలోనున్న శకునములను, రక్షలను, మంత్రతంత్రములను మద్రాసు ప్రభుత్వ వస్తుప్రదర్శనశాలకు అధిపతిగా పనిచేసిన ఎడ్గర్ థర్‌స్టన్ 1912లో ఒక గ్రంథముగా ప్రకటించెను. అంతకు ముందే జేమ్స్ ఫ్రేజరు అను బ్రిటిషు పండితుడు లోకమందలి ఇట్టి నమ్మకములను ప్రోగుచేసి, వానికి మూలము రెండు సూత్రములని చెప్పెను. మొదటిది సాదృశ్యము: ఒకదానిని పోలినది దాని ఫలమునే ఇచ్చునని. రెండవది సంపర్కము: ఒకప్పుడు కలిసియున్న వస్తువులు విడిపోయినను వాని సంబంధము తెగదని.

ఈ రెండు సూత్రములను పట్టుకొన్నచో మన ఇండ్లలోని వస్తువులు చాలవరకు అర్థమగును. పులి నిర్భయమైనది, దాని గోరు ధరించిన పిల్లవాడు నిర్భయుడగును. ఏనుగు బలము గలది. దాని తోకవెంట్రుక ఉంగరముగా పెట్టుకొన్నవానికి కీడు రాదు. నక్క టక్కరిది; కనుకనే అనుకోని లాభము కలిగినవానిని "నక్కతోక తొక్కి వచ్చితివా?" అని నేటికిని అడుగుచున్నాము. ఈ ఆలోచనలో ఒక అందము లేకపోలేదు. కాని పోలిక వేరు, కారణము వేరు. పులి ధైర్యము దాని కండరములలో, నరములలో, అది పెరిగిన తీరులో ఉన్నది. గోరు కెరటిన్ అను పదార్థముతో ఏర్పడినది. మన గోళ్లు, మన వెంట్రుకలు, ఎద్దు కొమ్ముపైనున్న పెంకు, అన్నియు ఆ పదార్థముతో ఏర్పడినవే. క్షురకుని అంగడిలో ఊడ్చి పారవేయు దానికిని, బంగారుకట్టులోని దానికిని ఆ విషయమున భేదము లేదు.

ఇక సంతలో అమ్ము గోరు నిజముగా పులిదేనా? ఒక చిన్న లెక్క వేసి చూతము. పులికి ముందు పాదములకు ఐదేసి, వెనుక పాదములకు నాలుగేసి, మొత్తము 18 గోళ్లుండును. 2022 నాటి అంచనా ప్రకారము మన దేశమునందలి పులులు 3,682. వానినన్నిటిని చంపినను లభించునవి 66,276 గోళ్లు. ఒక్క జిల్లాలోని పిల్లలకైనను అవి చాలవు. కనుకనే పశువుల కొమ్మును, గిట్టను చెక్కి, నునుపుచేసి పులిగోళ్లని అమ్ముదురు. నకిలీయైనచో పులికి నష్టమేమి అని అడుగవచ్చును. నకిలీ సరుకు కోరికను బ్రతికించి యుంచును. ఎక్కువ ధర ఇయ్యగలవాడు "నాకు అసలైనదే కావలెను" అనును. ఆ మాట అడవిలో ఉచ్చుగా మారును. రాజస్థానములోని సరిస్క అభయారణ్యములో 2004-05 నాటికి ఒక్క పులియు మిగలలేదు, వేటగాండ్రు తుదముట్టించిరి. చర్మమునకును, ఎముకలకును గల గిరాకి దీనికి ముఖ్యకారణమైనను, చంపిన పులి గోళ్లను ఎవరును పారవేయరు గదా!

పులిగోటికైనను ఒక పులి ఉన్నది. నక్కకొమ్మునకు అదియును లేదు. మందకు నాయకుడైన నక్క తలపై ఒక కొమ్ము మొలచుననియు, దానిని పెట్టెలో సిందూరముతో ఉంచినచో వ్యాజ్యములు గెలుతుమనియు, ధనము నిలుచుననియు చెప్పుదురు. నక్కజాతికి కొమ్ములు లేవు. కొమ్ములు గిట్టలుగల పశువులకే యుండును. అమ్ముడు పోవునది వెంట్రుకలతో కూడిన చర్మపు ముక్క. లోపల ఎముక తునక పెట్టి కుట్టి, గట్టిపడనిచ్చి, ఎఱ్ఱని సిందూరములో పొరలించి యిత్తురు. ఆ చర్మము కొరకు నక్కయే చచ్చును, లేదా కుక్కయే చచ్చును.

ఇంతకన్న విచిత్రమైనది హత్థాజోడి. జోడించిన రెండు చేతులవలె కనబడు ఎండిన వస్తువిది. గరుడముక్కు మొక్క వేరని చెప్పి, పూజాద్రవ్యములతో పాటు అమ్ముచుండిరి. అంతర్జాలపు అంగళ్లలోను ఇది చేరెను. పరిశోధకులు దానిని పరీక్షించి, 2017లో సత్యము బయటపెట్టిరి. అది వేరు కాదు. మగ ఉడుము జననాంగమును కోసి ఎండబెట్టినది. కొన్ని అదియును కాక పోతపోసిన నకిలీలు. శాకాహార నియమము తప్పని ఇండ్లలో, దేవుని పీఠము దగ్గర, ఏమని తెలియక దీనిని ఉంచి పూజించినవారు ఎందరో! తాము మోసపోయితిమని వారికి ఎవరు చెప్పవలెను? చట్టము వేటను నిషేధించిన ప్రాణిని వ్యాపారి వేరుపేరుతో ఇంటిలోనికి చేర్చెను.

గుడ్లగూబ గతి మరియొక విధమైనది. ఉత్తరదేశమున అది లక్ష్మీదేవి వాహనము. ఆ కారణముననే దీపావళి దినములలో దానిని బలియిచ్చినచో లక్ష్మి ఇల్లు వదలిపోదని కొందరు నమ్ముదురు. మన ప్రాంతమున అది ఇంటిపై వ్రాలినచో అరిష్టమని రాళ్లు రువ్వుదురు. అచట పూజ్యమని చంపుట, ఇచట అశుభమని చంపుట! వన్యప్రాణి వ్యాపారమును పరిశీలించు ట్రాఫిక్ అను సంస్థ 2010లో ప్రకటించిన నివేదికలో, మన దేశమున గుడ్లగూబల దొంగవ్యాపారమునకు క్షుద్రపూజలు ఒక ముఖ్యకారణమని తెలిపెను. రెండుతలల పామను పేరుతో లక్షల రూపాయలకు బేరములాడు ప్రాణికిని రెండవ తల లేదు. దాని తోక మొద్దుగా ఉండి తలను పోలియుండును. శత్రువు ఎదురైనప్పుడు ఆ తోకను ఎత్తి చూపి అసలు తలను దాచుకొనును. దానికి విషము లేదు. గుడ్లగూబకును, ఈ పామునకును ఆహారము ఎలుకలు. రైతు ధాన్యమును ఊరకే కాచు కావలివారిని, ధనము వచ్చునని చంపుచున్నాము.

మాకు తాయెత్తు ఇచ్చిన ఎలుగు సంగతియు చెప్పవలెను. అది చెదపురుగులను తిని, ఇప్పపూవు ఏరుకొని బ్రతుకు అడవి జంతువు. తల్లినుండి తీసికొనివచ్చిన కూన మూతిని కాల్చిన ఇనుపసూదితో పొడిచి త్రాడు దూర్చెడివారు, కోరపండ్లు విరుగగొట్టెడివారు. మేము ఆటయని చప్పట్లు కొట్టినది, ఆ త్రాడు లాగినప్పుడు కలుగు బాధకు అది కాళ్లెత్తుటను చూచి. వన్యప్రాణి రక్షకులు ఆడించువారికి వేరు జీవనోపాధి చూపి, ఎలుగులను ఆశ్రయములకు చేర్చిరి. 2009లో మన దేశమున ఆ ఆట ముగిసినది. ఆడించువాడు బీదవాడు, వానిని నిందించి మేము తప్పుకొనలేము. కొన్నది మా యిల్లే గదా!

జంతుసంబంధమైన ప్రతి ఆచారమును మేము ఇట్లే దూషించుట లేదు. నెమలి యేటేట తానే ఈకలు రాల్చును. పాము కుబుసమును తానే విడుచును. తిరుమలలో స్వామివారి సేవకు వాడు పునుగును పిల్లిని చంపి తీయరు. దాని గ్రంథినుండి ఊరు సుగంధమును సేకరింతురు. ప్రాణి ఇచ్చినది వేరు, ప్రాణమును తీసి తెచ్చినది వేరు. కొనుటకు ముందు ప్రతి గృహస్థుడును ఈ భేదమును అడిగి తెలిసికొనవలెను.

ఇంకొక నష్టము కలదు. అది మనుష్యులకు కలుగునది. మా బాల్యమున మా వీథిలోనే ఒక పసివానికి జ్వరముతో మూర్ఛలు వచ్చినవి. పెద్దలు రెండు దినములు తాయెత్తులు మార్చి చూచిరి. మూడవ దినమున పట్టణపు ఆసుపత్రికి తీసికొనిపోయిరి. వాడు బ్రతికెను, కాని వినికిడి పోయెను. ఆ రెండు దినములను వానికి తిరిగి ఎవ్వరును ఇయ్యలేకపోయిరి. జ్వరముతో బిడ్డకు మూర్ఛ వచ్చినచో ఒక ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టవలెను. నోటిలో ఏమియు పెట్టరాదు. ఆలస్యము చేయక వైద్యుని చేరవలెను. మెడలో ఏమి కట్టినను కట్టకున్నను ఈ పని మానరాదు.

ఇప్పుడు ఆ తల్లి రెండవ ప్రశ్న. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టములో పులి మొదటి షెడ్యూలులో చేరినది. దాని గోరును అమ్ముట, కొనుట, చట్టమునకు విరుద్ధముగా దగ్గర ఉంచుకొనుట నేరములు. శిక్ష మూడేండ్లకు తగ్గక ఏడేండ్ల వరకు కారాగారము. 2022 నాటి సవరణ తరువాత జరిమానా 25,000 రూపాయలకు తగ్గదు. పూర్వమునుండి ఇంటనున్న వస్తువులను ప్రకటించుకొనుటకు 2003లో ప్రభుత్వము 180 దినముల గడువు ఇచ్చినది. ఆనాడు ప్రకటించి యాజమాన్య ధ్రువపత్రము పొందినవారు వస్తువును ఉంచుకొనవచ్చును. అమ్మరాదు, దానము చేయరాదు. వారసత్వముగా సంక్రమించినచో 90 దినములలో తెలుపవలెను. ఉంచుకొన నిష్టము లేనిచో ప్రభుత్వమునకు అప్పగించుటకును 2022 సవరణ దారి చూపినది.

కనుక అమ్మా, ముందు పెట్టె తీసి ఆ ధ్రువపత్రము మీ యింట ఉన్నదో లేదో చూడుడు. లేనిచో కంసాలికి ఇయ్యవద్దు, చుట్టములకు ఇయ్యవద్దు, బావిలో పారవేయవద్దు. చట్టము తెలిసినవారిని ఒకరిని వెంటబెట్టుకొని అటవీశాఖ కార్యాలయమునకు వెళ్లి, ఉన్నది ఉన్నట్లు చెప్పుడు. అది పశువు కొమ్మేయని వారు తేల్చినను ఆశ్చర్యపడవద్దు. బంగారము మీ అత్తగారిది. ఆ కట్టులో మరియొక బొమ్మ పొదిగింపవచ్చును. ఆమె ఆ గోరును మీ చేతిలో పెట్టినప్పుడు, "పిల్లలు చల్లగా ఉండవలెను" అనియే కోరియుండును. ఆ కోరిక తీరుటకు పులి చావనక్కరలేదు. మనుమడు రాత్రి ఉలికిపడినప్పుడు మీరు ప్రక్కన పరుండుడు. మా నాయనమ్మ చేసినదియు అదియే.