అడవినాభి ఎలా ఎగబాకుతుంది?

వానలు మొదలయ్యాక అడవి అంచుల్లో, ముళ్లకంచెల మీద మంటలా విచ్చుకునే పువ్వు అడవినాభి. అగ్నిశిఖ అని కూడా అంటారు. తమిళనాడు రాష్ట్ర పుష్పం ఇదే.

పువ్వు లేనప్పుడు గుర్తుపట్టడం ఎలా? ఆకు కొస చూడండి. సన్నగా సాగి, ఉంగరంలా చుట్టుకుని ఉంటుంది. చిక్కుడు తీగ కాండంతో కర్రను చుట్టుకుంటుంది. గడుసు అడవినాభి మాత్రం ఆకు కొసలతోనే పక్క కొమ్మను పట్టేసుకుంటుంది. పువ్వేమో తల వంచుకునే ఉంటుంది, ఆరు రేకులూ మాత్రం వెనక్కి తిరిగి పైకి లేస్తాయి. మొదట ఆకుపచ్చ, ఆపై పసుపు, చివరికి ఎరుపు.

పెంచాలంటే అడవిలో తవ్వకండి. మందుల కోసం తవ్వీ తవ్వీ చాలాచోట్ల ఇది అరుదైపోయింది. నర్సరీలో దుంప కొని, తొలకరికి ముందు రెండు మూడు అంగుళాల లోతులో అడ్డంగా పడుకోబెట్టండి. మొలక దుంప కొసనే ఉంటుంది, అది విరిగితే ఇక మొలవదు. నీళ్లు నిలిస్తే దుంప కుళ్లుతుంది. వానాకాలం పోయాక తీగ ఎండిపోతుంది. చచ్చిపోయిందని పీకేయకండి, దుంప నిద్రపోతోందంతే.

మొక్కంతా విషమే, దుంప మరీనూ. అందులోని కాల్చిసిన్ అనే విషం ప్రాణాలు తీయగలదు. అందుకే చేతికి తొడుగు వేసుకుని పెద్దవాళ్లే నాటాలి. పసిపిల్లలు, పశువులు ఉన్న ఇంట్లో అసలు వద్దు.